తడిగుడ్డ పెద్దమనుషులు



అర్ధరాత్రి. ఉజ్జయినిలో ఒక పాత మేడ గోడ పక్కన ఒక దొంగ నిలబడ్డాడు. కన్నం వేయడానికి వచ్చాడు. వచ్చినవాడు గబగబా పని కానిచ్చుకుని పోతాడా అంటే, పోడు. ముందు గోడను తడిమి చూస్తాడు. కాల్చిన ఇటుకైతే లాగాలి, పచ్చి ఇటుకైతే కోయాలి, మట్టిగోడైతే తడపాలి, చెక్కదైతే చీల్చాలి అని తన శాస్త్రం తాను వల్లించుకుంటాడు. ఆ తర్వాత కన్నం ఏ ఆకారంలో ఉండాలన్న మీమాంస. విచ్చిన తామరా, సూర్యబింబమా, నెలవంకా, పూర్ణకుంభమా? కాల్చిన ఇటుక గోడకి పూర్ణకుంభమే అందమని తేలుస్తాడు. పొద్దున్నే ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకోవాలి కదా! తీరా కొలుద్దామంటే కొలతాడు తేవడం మరిచిపోయాడు. ఫరవాలేదు, మెడలో జంధ్యం ఉంది. బ్రాహ్మడికి, అందులోనూ తనలాంటి బ్రాహ్మడికి, జంధ్యం ఎన్ని విధాల పనికొస్తుందో అనుకుంటూ దాంతోనే కొలుస్తాడు. అంతలో వేలికి పాము కరుస్తుంది. ఆ వేలికి కట్టు కట్టడానికి కూడా అదే జంధ్యం.

ఈ దొంగ పేరు శర్విలకుడు. శూద్రకుడు రాసిన పది అంకాల సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో మూడో అంకం ఇది. లోపలికి దూరి చూస్తే ఏముంది? మద్దెల, వీణ, వేణువులు. ఇదెవరో నాట్యాచార్యుడి ఇల్లులా ఉందే, వచ్చి చెడ్డానే అని నిట్టూరుస్తాడు. ఆ ఇల్లు చారుదత్తుడిది. దానాలు చేసి చేసి చితికిపోయిన వర్తకుడు. దొంగ వెనక్కి మళ్ళబోతుండగా ఆ ఇంటి విదూషకుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ, ఈ నగలపెట్టె తీసుకోకపోతే గోబ్రాహ్మణుల మీద ఒట్టేనని దాన్ని దొంగ చేతికే అందిస్తాడు. అంత ఒట్టు పెట్టాక కాదనడం పాపం కదా, పుచ్చుకుంటాడు. తెల్లారి చారుదత్తుడు లేచి కన్నం చూస్తాడు. ఏం పోయిందో అడగడానికి ముందు, పనితనం బాగుందంటాడు! దొంగ కోరుకున్న మెప్పు ఇంటాయన నోటినుంచే వచ్చింది.

ఈ రంగం నడుస్తున్నంతసేపూ మన పరిస్థితి ఏమిటో గమనించండి. ఇల్లు చారుదత్తుడిది, అన్యాయం జరుగుతున్నది అతనికి. అయినా ఎక్కడ చప్పుడవుతుందో, ఎక్కడ మైత్రేయుడు మేలుకుంటాడో అని మన గుండె దొంగ పక్షాన కొట్టుకుంటుంది. కారణం ఒకటే. అతను మనతో మాట్లాడాడు. ఇంట్లోవాళ్ళంతా నిద్రపోతుంటే, తన కష్టసుఖాలు మనకొక్కరికే చెప్పుకున్నాడు. నాటకశాలలో ఎవడు మనతో ముందు మాట్లాడతాడో వాడే మనవాడు. వాడు దొంగా దొరా అన్నది తర్వాతి సంగతి.

ఈ కిటుకు నాటకకర్తలందరికీ తెలుసు. కిటుకు వేయడం సులువే. కష్టమంతా ఆ తర్వాత ఉంది. దుర్మార్గుణ్ణి ప్రేక్షకుడు ముద్దు చేసుకున్నాక వాణ్ణి ఏం చేయాలి? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

శూద్రకుడు చాలా జాగ్రత్తపడ్డాడు. ముచ్చటైన దొంగని ఒకణ్ణి పెట్టి, అసలు దుర్మార్గుణ్ణి వేరే పెట్టాడు. వాడు రాజుగారి బావమరిది, శకారుడు. వాడూ నవ్విస్తాడు. చారుదత్తుడు ప్రేమించిన వేశ్య వసంతసేనను చీకట్లో వీధి వెంట తరుముతూ, రాముడికి భయపడ్డ ద్రౌపదిలా పరుగెడతావేమని అడుగుతాడు. హనుమంతుడు సుభద్రను ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోతానంటాడు. ఆమె పూలదండ వాసన చెవులకు వినిపిస్తోందట, ముక్కు నిండా చీకటి కమ్ముకుని నగల చప్పుడు మాత్రం కనపడటం లేదట! మన భారత రామాయణాలు తెలిసిన ఏ ప్రేక్షకుడైనా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే.

అదే మనిషి ఎనిమిదో అంకంలో మళ్ళీ వస్తాడు. బండ్లు తారుమారై వసంతసేన తోటలో వాడి చేతికి చిక్కుతుంది. చంపమని తన వెంట ఉండే విటుణ్ణి బతిమాలితే అతను ససేమిరా అంటాడు. బండి తోలే బానిసని అడిగితే వాడు పరలోకానికి భయపడతాడు. ఇద్దరినీ ఏదో వంక పెట్టి పంపేసి, శకారుడు తనే ఆమె గొంతు నులుముతాడు. చచ్చిందనుకుని ఎండుటాకులు కప్పుతాడు. ఆపైన తనే న్యాయస్థానానికి వెళ్ళి చారుదత్తుడి మీద హత్యానేరం మోపుతాడు. అక్కడ నోరు జారి, చంపింది నేను కాదు సుమా అని అడక్కుండానే అనేస్తాడు. రాయసగాడు ఆ మాట రాసుకోవడం చూసి కంగారుపడి కాలితో చెరిపేస్తాడు. ఇక్కడ మళ్ళీ నవ్వొస్తుంది. వచ్చాక, ఒక మనిషి మెడ మీద కత్తి వేలాడుతున్నప్పుడు నవ్వుతున్నామేమిటని సిగ్గేస్తుంది. మొదటి అంకంలో వీధి వెంట తరిమినప్పుడు ఆమె భయం కూడా నిజమే గదా, మనం వాడి తప్పుల పురాణానికి నవ్వుతూ ఆమె పరుగు చూడలేదు గదా అని అప్పుడు తడుతుంది.

కానీ శూద్రకుడు మనల్ని పూర్తిగా ఇరికించడు. ముద్దొచ్చేవాడు చంపడు, చంపేవాడు ముద్దురాడు. శర్విలకుడి దొంగతనం కూడా దాసిగా ఉన్న తన ప్రియురాల్ని విడిపించుకోవడానికే. శకారుణ్ణి చూసి నవ్వుతాం గానీ వాడితో పాటు నవ్వం. ఈ తేడా పెద్దది. చివరికి బతికి బయటపడ్డ వసంతసేన వధ్యస్థానానికి వచ్చేస్తుంది, చారుదత్తుడు శకారుణ్ణి క్షమించి వదిలేస్తాడు. ప్రేక్షకుడు ఎవరికీ బాకీపడకుండా ఇంటికి పోతాడు.

ఇంగ్లండులో షేక్‌స్పియర్ ఈ జాగ్రత్త పాటించలేదు. 1590ల తొలినాళ్ళలో రాసిన 'మూడో రిచర్డు' నాటకంలో, కన్నం వేసేవాడినీ గొంతు నులిమేవాడినీ ఒకే ఒంట్లో పెట్టాడు. తెర లేస్తూనే రిచర్డు ఒంటరిగా వస్తాడు. యుద్ధం అయిపోయింది, అన్న రాజయ్యాడు, ఊరంతా సరసాల్లో ఉంది, ఈ వంకర ఒంటితో నాకు సరసం కుదరదు గనక దుర్మార్గం చేస్తాను అని మనతో చెప్పేస్తాడు. ఎవరిని ఎలా ఇరికించాడో కూడా చెబుతాడు. రంగం మీద ఉన్న వాళ్ళెవరికీ తెలియని సంగతి మనకి తెలుసు. చాడీకోరుతనం మనుషులకి ఎంత తియ్యగా ఉంటుందో తెలిసిన రచయిత.

ఆ వెంటనే జరిగేది చూడండి. ఆరో హెన్రీ శవం మోసుకుపోతున్నారు. వెంట కోడలు ఆన్ ఏడుస్తూ నడుస్తోంది. ఆమె మామని చంపింది రిచర్డే, మొగుణ్ణి చంపిందీ అతనే. ఆ శవాన్ని ఆపి, శవం పక్కనే, పెళ్ళి చేసుకోమని అడుగుతాడు. ఆమె శపిస్తుంది, మొహాన ఉమ్ముతుంది. అతను కత్తి ఆమె చేతికిచ్చి రొమ్ము చూపిస్తాడు. కత్తి జారిపోతుంది. రంగం ముగిసేసరికి ఆమె వేలికి అతని ఉంగరం ఉంటుంది. ఆమె వెళ్ళగానే మనవైపు తిరిగి, ఇలాంటి ఆడదాన్ని ఇలాంటి పూట ఎవడైనా ఒప్పించాడా అని విస్తుపోతాడు. తన అందం ఇన్నాళ్ళూ తనకే తెలియలేదట, ఒక నిలువుటద్దం కొనాలట, ఇరవయ్యో నలభయ్యో మంది దర్జీలని పెట్టుకోవాలట! ఘోరం జరిగిందని మనకి తెలుసు. అయినా నవ్వుతాం.

ఇందులో కారుచీకటి హాస్యం అడుగడుగునా ఉంది. ఇంకో అన్న క్లారెన్సుని చంపడానికి వచ్చిన కిరాయి హంతకులిద్దరూ అంతరాత్మ గురించి వాదించుకుంటారు. ఒకడికి కాస్త జాలి పుట్టి, కూలి డబ్బు గుర్తుకు రాగానే తగ్గుతుంది. క్లారెన్సు నిద్ర లేచి కాస్త ద్రాక్షసారా పోయమని అడుగుతాడు. కావలసినంత దొరుకుతుంది లెండి అంటారు వాళ్ళు. అబద్ధం కాదు. ఆయన్ని ముంచింది సారా పీపాలోనే.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు జలదరించేది స్ట్రాబెరీల రంగం. లండన్ కోటలో మంత్రులు పట్టాభిషేకానికి ముహూర్తం పెడుతున్నారు. రిచర్డు ఆలస్యంగా, కులాసాగా వస్తాడు. ఈలీ బిషప్పుతో, మీ తోటలో మంచి స్ట్రాబెరీలు చూశాను, కాసిని తెప్పించండి అంటాడు. పెద్దాయన మురిసిపోయి మనిషిని పంపుతాడు. రిచర్డు మనసులో ఉన్నది మొహంలో దాచుకోలేని మనిషి, ఇవాళ సంతోషంగా ఉన్నాడు అని హేస్టింగ్స్ ప్రభువు పక్కవాళ్ళతో సంబరంగా చెబుతాడు. కాసేపటికి రిచర్డు ఎండిపోయిన తన చెయ్యి చూపించి, చేతబడి చేశారని కేకలేసి, హేస్టింగ్స్ తల తెగేదాకా భోజనానికి కూర్చోనంటాడు. స్ట్రాబెరీలు ఎవరు తిన్నారో నాటకం చెప్పదు. ఈ ముచ్చట షేక్‌స్పియర్ కల్పన కాదు. థామస్ మోర్ రాసిన చరిత్రలోంచి తీసుకున్నాడు. మోర్ చిన్నప్పుడు పెరిగింది ఆ బిషప్పు మోర్టన్ గారి కొలువులోనే. చెయ్యి ఎండిపోవడం మాత్రం నమ్మకండి. అసలు రిచర్డు అస్థిపంజరం 2012లో లీస్టర్ నగరంలో కార్ల పార్కింగు స్థలం కింద దొరికింది. వెన్నెముకకి వంపు ఉంది గానీ చేతులకి లోపం కనపడలేదు. ఓడిపోయిన రాజుకి గెలిచినవాళ్ళ కాలంలో రాసే నాటకాల్లో ఏ అవయవం మిగులుతుంది లెండి.

ఈ పాత్ర మీద జనానికి ఎంత మోజుండేదో చెప్పే పుకారు ఒకటి ఉంది. జాన్ మానింగ్‌హామ్ అనే లా విద్యార్థి 1602లో తన డైరీలో రాసుకున్నాడు. రిచర్డు వేషం కట్టే బర్బేజ్ మీద మనసుపడ్డ ఒకావిడ, రాత్రికి మూడో రిచర్డు పేరు చెప్పి రమ్మని కబురంపిందట. ఆ మాట చాటుగా విన్న షేక్‌స్పియర్ ముందే వెళ్ళి కూర్చున్నాడట. మూడో రిచర్డు గుమ్మంలో ఉన్నాడని కబురొస్తే, విజేత విలియం మూడో రిచర్డు కంటే ముందువాడని చెప్పమన్నాడట. షేక్‌స్పియర్ పేరూ విలియమే కదా. పుకారు నిజమో కాదో అలా ఉంచండి. ఆవిడ ఏ మంచిరాజు పేరూ ఎంచుకోలేదు.

ఇంత ముద్దు చేసినవాణ్ణి షేక్‌స్పియర్ ఎలా వదిలించుకున్నాడు? రిచర్డు సింహాసనం ఎక్కగానే మనతో పరాచికాలు తగ్గిస్తాడు. పసివాళ్ళయిన అన్న కొడుకులిద్దరినీ చంపించడం దగ్గర మన నవ్వు పూర్తిగా ఆగిపోతుంది. యుద్ధానికి ముందు రాత్రి, చచ్చినవాళ్ళంతా కలలో వచ్చి శపిస్తే, ఉలిక్కిపడి లేచి తనలో తానే వాదించుకుంటాడు. మొదటి రంగంలో మనకి చెప్పుకున్న మనిషి ఇప్పుడు తనకి తాను చెప్పుకుంటున్నాడు. మన స్నేహం తెగిపోయింది గనక, మర్నాడు బోస్‌వర్త్ పొలంలో వాడు చచ్చినా మనకి బాధ లేదు. పని శుభ్రంగా పూర్తయింది. కొంచెం ఎక్కువ శుభ్రంగా అయిందేమోనని నా అనుమానం.

ఇక మన విజయనగరానికి వద్దాం. బొంకులదిబ్బ దగ్గర ఇంకొకడు ఒంటరిగా నిలబడి మనతో మాట్లాడుతున్నాడు. గిరీశం. ఊళ్ళో పరపతి చెడిపోయింది. పూటకూళ్ళమ్మ డబ్బు వేశ్య మధురవాణి ఇంటి పాలయింది, అప్పులవాళ్ళు వెతుకుతున్నారు, ఊరు వదలాలి. పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశం కనపడగానే దారి దొరికింది. సెలవుల్లో చదువు చెప్పే వంకతో వాడి అగ్రహారం చేరతాడు.

గిరీశం పుట్టిన నాటకం, గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం, మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని ఇంచుమించు కొత్త నాటకంగా తిరగరాసి పెంచారు. మనం ఇవాళ చదివేది, ఆడేది ఆ రెండోదే. మొదటి అచ్చుకి ఆయన ఇంగ్లీషులో ఒక పీఠిక రాశారు. అందులో కొన్ని అంకెలున్నాయి. విజయనగరం మహారాజు ఆజ్ఞ మీద, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు ఎన్నో లెక్క తీయించారు. చెప్పుకోవడానికి సిగ్గుపడినవాళ్ళని వదిలేసినా 1,034 తేలాయి. ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి కూడా బేరాలు జరుగుతాయని ఆయన రాశారు. ఈ కాగితం చేతిలో పెట్టుకున్న మనిషి కూర్చుని తెలుగువాళ్ళని అన్నిటికన్నా ఎక్కువగా నవ్వించిన నాటకం రాశాడు. ఏడిపించే నాటకం రాయడానికి కావలసిన సరంజామా అంతా ఉంది ఆయన దగ్గర. రాయలేదు. ఏడిస్తే ప్రేక్షకుడు కళ్ళు తుడుచుకుని, తను మంచివాణ్ణని తృప్తిపడి ఇంటికి పోతాడు. నవ్విన ప్రేక్షకుడు అంత తేలిగ్గా తప్పించుకోలేడు.

నవ్వంటే ఎలాంటి నవ్వు! వెంకటేశం తల్లి, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే విందామని ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ సంభాషణ మొదలెడతారు. ఒకడు పసిపిల్లల పాట ముక్క వదిలితే, ఇంకొకడు రేఖాగణితంలోంచి ఒక సిద్ధాంతం వదులుతాడు. మిల్టన్ మహాకావ్యం ఎత్తుగడలోకి మామిడిచెట్టు వచ్చి చేరుతుంది. దానికి జవాబుగా వ్యాకరణ సూత్రం. తల్లి మురిసిపోతుంది. ఇంకోచోట, కాంగ్రెసు గురించి బండివాడికి దారిపొడుగునా ఉపన్యాసం దంచితే, అంతా విని వాడు మా ఊరి హెడ్ కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేయిస్తారు బాబూ అని అడిగిన సంగతి. మధురవాణి మంచం కింద ఆమెను కొత్తగా ఉంచుకోబోతున్న రామప్ప పంతులు ముందే దాక్కుని ఉంటే, పూటకూళ్ళమ్మ చీపురుకి భయపడి గిరీశం కూడా అక్కడికే దూరడం, దెబ్బ పంతులుకి పడటం, గిరీశం జారుకోవడం. ఆ రామప్ప పంతులు వేషం విజయనగరం నటులు జె.వి. సోమయాజులు గారు ఏళ్ళ తరబడి వేశారు. శంకరాభరణంలో అంత గంభీరంగా కూర్చున్న శంకరశాస్త్రి గారే మంచం కింద దూరారని తలుచుకుంటే సరదాగా ఉంటుంది. వారి తమ్ముడు రమణమూర్తి గారు గిరీశంగా పేరు మోశారు. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి.

గిరీశానికి రేడియో పుట్టిల్లు. అతనికి ఆస్తి లేదు, హోదా లేదు, బలం లేదు. ఉన్నదల్లా గొంతు. చుట్ట పొగ వదులుతూ ఏది మాట్లాడినా వినబుద్ధేస్తుంది. ఎదుటివాడు ఎవరో చూసి దాన్నిబట్టి మనిషి మారిపోతాడు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లతో వ్యాజ్యాల కాగితాల గురించి, వెంకటేశంతో లోకజ్ఞానం గురించి, తల్లి వెంకమ్మతో వినయంగా. వెంకటేశం అక్క బుచ్చమ్మతో మాత్రం వితంతు వివాహం గురించి.

ఆ ఇల్లు ఎలాంటిదో ఒకసారి చూడండి. అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మని ముసలివాడికిచ్చి డబ్బు పుచ్చుకున్నాడు, ఆమె విధవై పుట్టింట్లో ఉంది. ఇప్పుడు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి 1,800 రూపాయలకి ఇవ్వబోతున్నాడు. తల్లి వెంకమ్మ ఆ బెంగతో నూతిలో పడింది. మేనమామ కరటకశాస్త్రి దీన్ని ఆపడానికి ఎత్తు వేశాడు. శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టించి, ఆ లుబ్ధావధాన్లకే అమ్మి పెళ్ళి చేసేస్తాడు. ఆడపిల్లను అమ్మడం ఆపడానికి మగపిల్లాణ్ణి అమ్మడం! పిల్లాడు పారిపోతాడు. పెళ్ళాన్ని ముసలాయన చంపేశాడని కేసు పెడతారు. అసలు పుట్టనే పుట్టని పెళ్ళికూతురు చచ్చిపోయిందని నేరం. మృచ్ఛకటికంలో బతికున్న వసంతసేనను చంపాడని చారుదత్తుడి మీద నేరం. రెండుచోట్లా చిక్కుముడి విప్పేది ఒక వేశ్యే. సంస్కృత నాటకాలు బాగా తెలిసిన గురజాడకి ఆ పోలిక తట్టకుండా ఉంటుందని నేననుకోను.

అసలు విషయం ఇక్కడుంది. ఇంతమంది తెలివైనవాళ్ళు, ఇన్ని ఎత్తులు. అన్నీ సుబ్బి కోసమే. బుచ్చమ్మ కోసం ఎవరు ఏ ఎత్తు వేశారు? మేనమామ వేయలేదు. కన్నతల్లి ఆమె కోసం నూతిలో పడలేదు. బుచ్చమ్మ అప్పటికే అయిపోయిన పద్దు. ఆమె ముందు కూర్చుని, నీకు కూడా ఒక జీవితం ఉండాలి అని చెప్పినవాడు ఆ నాటకం మొత్తంలో ఒక్కడే. వాడు మోసగాడు.

వాడు చెప్పిన మాటల్లో తప్పు ఒక్కటి లేదు. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించాక, ఊరూరా సంస్కరణ సభల్లో వినిపించిన వాదనలే అవి. 1892లో విజయనగరంలో కూర్చుని ఈ నాటకం చూసిన ఇంగ్లీషు చదువుల పెద్దమనుషుల్లో ఎంతమంది ఆ మాటలే తమ సభల్లో మాట్లాడి ఉంటారో! వాళ్ళ సొంత ఉపన్యాసం వాళ్ళకి ఒక అప్పులవాడి నోట్లోంచి వినిపించింది. గురజాడ సంస్కరణకి వ్యతిరేకి కాదు. అలాంటప్పుడు ఆ మాటల్ని వకీలు సౌజన్యారావు పంతులు నోట్లో పెట్టి, గిరీశాన్ని ఉత్త తిండిపోతుగా వదిలేయవచ్చు. సులువుగా ఉండేది, నాటకం చచ్చేది. మాట మంచిది, చెప్పేవాడు చెడ్డవాడు. రెండూ కలిపి మన నెత్తిన పెట్టాడు.

గిరీశం ఎవరినీ చంపడు. అందువల్ల అతనితో రిచర్డు దగ్గరలా ఒక మలుపులో తెగతెంపులు చేసుకోవడం కుదరదు. బుచ్చమ్మని లేవదీసుకుపోయే ఘట్టంలో కూడా నవ్వు ఆగదు. పెళ్ళికని ఇంటిల్లిపాదీ బయల్దేరిన ప్రయాణంలోనే దాన్ని కానిచ్చాడు. ఆ ఘట్టాన్ని ఎలా ఆడించాలన్నది దర్శకులకి పెద్ద తలనొప్పి. గిరీశాన్ని ఉత్త హాస్యగాణ్ణి చేస్తే బుచ్చమ్మ అమాయకత్వం కూడా హాస్యమైపోతుంది. కరుడుగట్టిన మోసగాణ్ణి చేస్తే మొదటి అంకం అబద్ధమవుతుంది. నా మట్టుకు నాకు ఆ రంగంలో చూడాల్సింది గిరీశాన్ని కాదు. అతను అనర్గళంగా పోతుంటే వింటున్న బుచ్చమ్మ మొహం. ఆమె చిన్న చిన్న ప్రశ్నలు వేస్తుంది, చెప్పింది నమ్ముతుంది. ఆమె నమ్మినందుకు మనం నవ్వుతున్నాం. అంతకుముందు ఆమె తల్లి ఉత్తుత్తి ఇంగ్లీషుకి మురిసినప్పుడూ నవ్వాం. ఈ రెండు నవ్వుల మధ్య గీత ఎక్కడ గీయాలో నాటకం చెప్పదు.

గిరీశానికి నవ్వి కూడా పడిపోని మనిషి ఒక్కరే ఉన్నారు, మధురవాణి. మొదటినుంచీ అతని మాటకి మాట వేసి, సరదాపడి, లెక్క మాత్రం మరిచిపోదు. ఆమెకు నటన వృత్తి. ఎదుటివాడి నటనలో కుట్టు ఎక్కడ ఊడిందో కనిపెట్టగలదు. నీతిమంతుడైన సౌజన్యారావు పంతులు ఆ పని చేయలేకపోయాడు. గిరీశాన్ని యోగ్యుడనే నమ్మాడు. మంచివాడు కాబట్టే నమ్మాడు. ఆఖరి అంకంలో మగవేషంతో ఆయన ఇంటికి వెళ్ళి, లుబ్ధావధాన్లని కేసులోంచి బయటపడేసి, గిరీశం బండారం విప్పింది మధురవాణే. ధర్మం వాణ్ణి ఓడించలేదు, వాడికన్నా మంచి నటి ఓడించింది. మధురవాణి ఇంటి గుమ్మం తొక్కడం పాపమనుకునే ఆ పెద్దమనిషి ఇంట్లోనే, ఆయన కళ్ళముందే.

శూద్రకుడు తన దుర్మార్గుణ్ణి క్షమించాడు, షేక్‌స్పియర్ చంపాడు. గురజాడ రెండూ చేయలేదు. బుచ్చమ్మని పూనాలో విధవల ఆశ్రమానికి పంపేట్టు సౌజన్యారావు నిర్ణయిస్తాడు. నిర్ణయం న్యాయమైనదే. అయితే అది జరిగే సమయానికి బుచ్చమ్మ ఆ గదిలో లేదు. ఆమెను ఎవరూ పిలవలేదు, అడగలేదు. గిరీశం మాటలు నమ్మి గడప దాటిన మనిషి తర్వాతి మజిలీ కూడా మగవాళ్ళ సంభాషణలోనే ఖరారైంది. తండ్రి ఒకసారి, గిరీశం ఒకసారి, ఇప్పుడు ఈయన. ఈయన మంచివాడు, అంతే తేడా.

ఇంతా చేసి గురజాడ ఆఖరి మాట సౌజన్యారావుకి ఇవ్వలేదు. మధురవాణికీ ఇవ్వలేదు. గిరీశానికి ఇచ్చాడు. కథ తను అనుకున్నట్టు నడవలేదని, ఒక ఇంగ్లీషు తిట్టు జోడించి, ఒకే ఒక్క ముక్క. పశ్చాత్తాపం లేదు. బుచ్చమ్మ ఊసు లేదు. కథ చెడిపోయిందన్న కథకుడి విసుగు తప్ప ఇంకేమీ లేదు. ఆ ముక్క మన తెలుగువాళ్ళ నోట్లో సామెతలా నిలిచిపోయింది. ఏ ఊళ్ళో ఆడినా సభలో అన్నిటికన్నా పెద్ద చప్పట్లు దానికే పడతాయి. వాటిలో నావీ ఉంటాయి.